ఖరీదైన బేస్‌బాల్ కార్డుల సెట్ కొనాలా వద్దా: అదనపు ధరను విడదీసి చూసే పద్ధతి

1987లో టాప్స్ కంపెనీ 792 బేస్‌బాల్ కార్డుల సెట్ విడుదల చేసింది. చెక్క నమూనా అంచులు, మధ్యలో ఆటగాడి ఫొటో, వెనక అతని గణాంకాలు. అదే ఏడాది అవే ఫొటోలతో, అవే నంబర్లతో అదే కంపెనీ ఇంకో సెట్ కూడా అమ్మింది. దాన్ని టాప్స్ టిఫనీ అంటారు. మామూలు సెట్ ఇవాళ అమెరికాలో ఇద్దరు హోటల్లో భోజనం చేసే ఖర్చుకు దొరుకుతుంది. టిఫనీ సెట్‌కు దానికి ఎన్నో రెట్లు పెట్టాలి.

ఈ తేడా న్యాయమైనదేనా, అయితే అది మీకు అవసరమా అన్నవి రెండు వేర్వేరు ప్రశ్నలు. దుకాణదారు మొదటిదానికి మాత్రమే జవాబు చెబుతాడు. అమెరికాలో ఉంటున్న తెలుగు కుటుంబాల్లో చాలామందికి ఈ సందేహం పిల్లల ద్వారా ఇంట్లోకి వస్తుంది. పిల్లవాడు లిటిల్ లీగ్‌లో, అంటే పిల్లల బేస్‌బాల్ పోటీల్లో, ఆడుతుంటాడు, పుట్టినరోజుకు ఫలానా సెట్ కావాలంటాడు. అమ్మానాన్నలకు క్రికెట్ కంఠస్థమే గానీ ఈ బజారు కొత్త. వాళ్లకూ, సొంత ఇష్టంతో ఇటువైపు వచ్చినవాళ్లకూ పనికొచ్చేలా వివరంగా రాస్తున్నాను.

సెట్ ధర ఎక్కువగా ఉండడానికి ప్రధానంగా అయిదు కారణాలు ఉంటాయి: మంచి కాగితం, తక్కువ ముద్రణ, లోపల ఉన్న ఒకరిద్దరు ఆటగాళ్లు, కార్డుల స్థితి, ఏదో అరుదైన కార్డు తగులుతుందన్న ఆశ. మొదటి నాలుగింటికి డబ్బు పెట్టవచ్చు. అయిదోదానికి పెడుతున్నామంటే మనం కొంటున్నది సెట్‌ను కాదు, లాటరీ టిక్కెట్టును. కింది మెట్లన్నీ మీ డాలర్లు ఈ అయిదింటిలో దేనికి పోతున్నాయో తేల్చుకోవడానికే.

మొదటి మెట్టు: ఎందుకు కొంటున్నారో కాగితం మీద రాసుకోండి

పిల్లవాడు ఆటగాళ్ల పేర్లు నేర్చుకుని, స్నేహితులతో కార్డులు మార్చుకోవడానికి అయితే మామూలు సెట్టే సరైనది. ఖరీదైన కార్డును ముట్టుకోవద్దని అడుగడుగునా వారించాల్సి వస్తే పిల్లవాడికి దానివల్ల ఆనందం లేదు. మీకు నచ్చిన జట్టుకో, ఒక సంవత్సరానికో గుర్తుగా దాచుకోవడానికైతే మంచి కాగితానికి, మంచి స్థితికి ఎక్కువ ఇవ్వడంలో అర్థం ఉంది. లాభానికి అమ్మాలనుకుంటే మాత్రం ఏడో మెట్టులోని లెక్క ముందు చదివి మళ్లీ ఇక్కడికి రండి.

రెండో మెట్టు: కార్డును తిప్పి చూడండి

టిఫనీ ఉదాహరణే తీసుకుందాం. 1987 మామూలు కార్డు వెనకవైపు అట్ట బూడిద, గోధుమ రంగుల మధ్య మసగ్గా ఉంటుంది. టిఫనీ కార్డు వెనక తెల్లగా ఉంటుంది, అక్షరాలు విడివిడిగా స్పష్టంగా కనిపిస్తాయి. ముందువైపు నునుపైన పూత ఉంటుంది. కార్డును కాస్త వంచి వెలుతురులో పట్టుకుంటే ఆ పూత మీద కాంతి జారుతుంది. మామూలు కార్డు మీద అలా జారదు. రెండూ పక్కపక్కన పెట్టుకుని చూసినవారికి తేడా మళ్లీ ఎవరూ చెప్పనక్కర్లేదు.

ఇక ముద్రణ. టిఫనీ సెట్‌లు 1984 నుంచి 1991 వరకు వచ్చాయి. వాటిని లోపల ఏ కార్డులున్నాయో తెలియని చిన్న ప్యాకుల్లో అమ్మలేదు. పూర్తి సెట్‌గానే, కార్డుల వ్యాపారుల ద్వారానే అమ్మారు. 1984లో సుమారు 10,000 సెట్‌లు, 1985లో సుమారు 5,000 సెట్‌లు ముద్రించారని సేకరించేవాళ్లందరూ ఒప్పుకునే లెక్క. ఆ రోజుల్లో మామూలు టాప్స్ కార్డులు కిరాణా దుకాణాల నుంచి పెట్రోలు బంకుల దాకా అన్నిచోట్లా దొరికేవి. అంటే టిఫనీకి ఇచ్చే అదనపు ధరలో కాగితమూ ఉంది, అరుదుతనమూ ఉంది. రెండూ మీ కళ్లతో సరిచూసుకోగలిగినవి. నా దృష్టిలో ఇది నిజాయితీ గల ఖరీదు.

దీనికి పక్కనే 1989 అప్పర్ డెక్‌ను పెట్టి చూడండి. పోటీ కంపెనీల ప్యాకు అర డాలరు లోపే దొరుకుతున్న కాలంలో ఈ కొత్త కంపెనీ 15 కార్డుల ప్యాకును 99 సెంట్లకు అమ్మింది. తెల్లని మందమైన కాగితం, రెండువైపులా రంగుల ఫొటోలు, వెనక చిన్న హోలోగ్రామ్, తెరిచి మళ్లీ అతికించడానికి వీలులేని రేకు ప్యాకు. సెట్‌లో ఒకటో నంబరు కార్డు కెన్ గ్రిఫీ జూనియర్‌ది. అప్పటికి అతను సియాటిల్ మారినర్స్ తరఫున పెద్ద లీగ్‌లో, అంటే మేజర్ లీగ్‌లో, ఒక్క ఆట కూడా ఆడలేదు. చిన్న లీగ్ జట్టు టోపీతో తీసిన ఫొటోలో టోపీ రంగును, గుర్తును మార్చి ముద్రించారు. కార్డు అందం గురించి నాకు రెండో మాట లేదు, ఆ నవ్వు ముఖం చూస్తే ఇప్పటికీ మనసు తేలికపడుతుంది.

కానీ ఆ సెట్ నాణ్యమైనదే తప్ప అరుదైనది కాదు. దానికి గిరాకీ పెరిగిన కొద్దీ ముద్రణా పెరిగింది. కార్డుల స్థితిని పరీక్షించి గ్రేడు వేసే కంపెనీ పీఎస్‌ఏ అత్యున్నతమైన 10 గ్రేడు ఇచ్చిన గ్రిఫీ కార్డులే వేలల్లో ఉన్నాయి. అందుకే సెట్ మొత్తం ఇవాళ సామాన్యుడికి అందే ధరలోనే ఉంది. ఎనభైల చివరి నుంచి తొంభైల మొదటి సంవత్సరాల దాకా కంపెనీలన్నీ ఇలాగే కుప్పలుగా ముద్రించాయి. ఆ కాలాన్ని అమెరికాలో జంక్ వ్యాక్స్ యుగం అంటారు. పిల్లల కాలేజీ ఫీజులకు పనికొస్తాయని అప్పుడు పెట్టెలకొద్దీ కొని దాచిన కుటుంబాల దగ్గర అవి ఇప్పటికీ అలాగే ఉన్నాయి.

కాబట్టి మేలిరకం సెట్ అని ఎవరైనా చెబితే వెంటనే అడగవలసిన మాట: కాగితం మేలిరకమా, లేక సంఖ్య కూడా తక్కువా? 1991 టాప్స్ స్టేడియం క్లబ్‌లో ఫొటో అంచుల దాకా నిండి ఉంటుంది, చూడముచ్చటగా ఉంటుంది, కానీ కొరత లేదు. 1993 టాప్స్ ఫైనెస్ట్‌లో రిఫ్రాక్టర్ అనే రకం వచ్చింది. వెలుతురు తగిలితే ఇంద్రధనుస్సు రంగులు మెరిసే ఆ కార్డులు ఒక్కో ఆటగాడికి సుమారు 241 మాత్రమే ఉన్నాయని అంచనా. అదే సంవత్సరం, అదే సెట్, అదే 199 మంది ఆటగాళ్లు. అయినా మామూలు ఫైనెస్ట్‌కూ రిఫ్రాక్టర్లకూ ధరలో పోలికే లేదు.

మూడో మెట్టు: ముఖ్యమైన కార్డును తీసేసి లెక్క కట్టండి

నాకు అన్నిటికన్నా ఎక్కువ ఉపయోగపడిన పద్ధతి ఇది. చాలా సెట్‌లలో ధరంతా ఒకటి రెండు కార్డుల్లోనే ఉంటుంది. 1980 టాప్స్ సెట్‌లో 726 కార్డులున్నాయి. అందులో పేరుమోసిన రూకీ కార్డు, అంటే ఆటగాడి మొదటి సంవత్సరపు కార్డు, నిజానికి ఒక్కటే: 482వ నంబరు రికీ హెండర్సన్. 1952 టాప్స్‌లో 407 కార్డులున్నా అందరి చూపూ 311వ నంబరు మికీ మాంటిల్ మీదే. ఆ మాంటిల్ కార్డు ఒకటి 2022 ఆగస్టులో 1.26 కోట్ల డాలర్లకు అమ్ముడుపోయింది.

ఇలా లెక్క వేయండి. ఒక సెట్‌కు 500 డాలర్లు అడుగుతున్నారనుకుందాం. అదే స్థితిలో ఉన్న ముఖ్యమైన కార్డు విడిగా 320కి దొరుకుతోంది. తరవాతి అయిదు మంచి కార్డులు కలిపి 60. అంటే మిగిలిన కార్డులన్నిటికీ మీరు 120 డాలర్లు ఇస్తున్నారు. ఆ మిగిలినవి మీకు కావాలా? కావాలంటే సెట్ కొనండి. మీ మనసంతా ఆ ఒక్క కార్డు మీదే ఉంటే, దాన్నే ఇంకొంచెం మంచి స్థితిలో కొనడం మేలు. ముఖ్యమైన కార్డులను విడిగా కొంటే అయ్యే ఖర్చు సెట్ ధరను దాటిందనుకోండి, అప్పుడు సంతోషించే ముందు అనుమానించండి. ఆ ముఖ్యమైన కార్డుకు మూల మడత పడి ఉండవచ్చు, అసలు అది నకలే కావచ్చు.

పాత సెట్‌లకు ఇంకో సంగతి ఉంది. టాప్స్ 1973 దాకా కార్డులను ఏడాది పొడవునా విడతలుగా విడుదల చేసేది. చివరి విడత వచ్చేసరికి ఆటల కాలం ముగింపుకు వచ్చేది, దుకాణాలు తక్కువ తెప్పించుకునేవి. అందుకే ఆ సంవత్సరాల్లో పెద్ద నంబర్లు దొరకడం కష్టం. 1952లో 311 నుంచి 407 వరకు ఉన్న విడత అలాంటిదే. అమ్ముడుపోని పెట్టెలను 1960 ప్రాంతంలో అట్లాంటిక్ సముద్రంలో పారబోయించినట్టు టాప్స్ ఉద్యోగి సై బెర్గర్ స్వయంగా చెప్పాడు. దాదాపు పూర్తయిన సెట్ అని చవకగా అమ్ముతుంటే ఏ నంబర్లు లేవో ముందు అడగండి. లేని కార్డులు పదే అయినా అవన్నీ ఆ చివరి విడతవైతే చవకదనం అక్కడే ఆవిరైపోతుంది.

నాలుగో మెట్టు: అడిగే ధర వదిలేసి, అమ్ముడైన ధర చూడండి

ఈబేలో వెతికాక, అమ్ముడుపోయినవి మాత్రమే చూపించే వడపోత ఒకటి ఉంటుంది. దాన్ని తప్పనిసరిగా వాడండి. ఎవరైనా ఎంతైనా అడగవచ్చు. ఎవరో నిజంగా చెల్లించిన మొత్తమే ధర. బేరమాడి కొన్నవాటిలో జాబితా ధర మీద అడ్డగీత ఉంటుంది, అసలు ఎంతకు పోయిందో ఆ పేజీలో కనిపించదు. వాటిని లెక్కలోకి తీసుకోకండి. ఒకే స్థితిలో ఉన్న నాలుగైదు అమ్మకాలు చూసి, అన్నిటికన్నా పైదాన్నీ కిందిదాన్నీ పక్కన పెట్టి, మధ్యవాటిని పట్టుకోండి.

తేదీ కూడా చూడాలి. 2020–21లో కార్డుల బజారు ఎంత వేడెక్కిందంటే, పీఎస్‌ఏ కుప్పపడిన కార్డులను గ్రేడు చేయలేక చాలా సేవలను ఆపేసింది. విస్కాన్సిన్‌లో గొడవ జరిగాక టార్గెట్ దుకాణాలు 2021 మేలో కార్డుల అమ్మకాన్నే నిలిపేశాయి. అప్పటి ధరలను చూపించి ‘ఒకప్పుడు ఇంత పలికింది’ అనేవారి మాటకు విలువ ఇవ్వకండి.

అయిదో మెట్టు: స్థితికి ఎంత ఇస్తున్నారో చూడండి

కార్డు స్థితిని నాలుగు విషయాలు నిర్ణయిస్తాయి: నాలుగు మూలలు, అంచులు, ఉపరితలం, ఫొటో నడిమధ్యలో ఉందా లేదా అన్నది. చివరిది కొత్తవారి కళ్లకు ఆనదు. పీఎస్‌ఏ 10 గ్రేడు రావాలంటే ముందువైపు ఎడమ, కుడి అంచుల వెడల్పు 55, 45 నిష్పత్తిని మించి తేడా ఉండకూడదు. స్కేలు పెట్టి కొలిచి చూస్తే మీరు ‘కొత్తగా ఉంది’ అనుకున్న కార్డుల్లో చాలా వాటికి ఆ అర్హత లేదని తెలుస్తుంది.

గ్రేడు వేసి గట్టి ప్లాస్టిక్ డబ్బాలో మూసిన కార్డుకు ఎక్కువ ధర ఉంటుంది. గ్రేడింగుకు ఒక్కో కార్డుకు ఇరవై డాలర్ల పైచిలుకు నుంచి ఖర్చు మొదలవుతుంది కాబట్టి, సెట్ మొత్తాన్ని గ్రేడు చేయించడం అర్థం లేని పని. ముఖ్యమైన కార్డులు మాత్రం గ్రేడు వేసి ఉండి, మిగతావి ఆల్బమ్‌లో ఉన్న సెట్ దొరికితే అదే నాకు ఇష్టమైన కలయిక.

సీలు తీయని సెట్‌లు వేరే వ్యవహారం. లోపలి కార్డులు నడిమధ్యలో ముద్రితమయ్యాయో లేదో చూడలేరు. పూత ఉన్న కార్డులు ముప్ఫై ఏళ్లు ఒకదానికొకటి ఆనుకుని ఉంటే అతుక్కుపోతాయి కూడా, విడదీస్తే పూత లేచిపోతుంది. తెరవని సెట్‌కు ఎక్కువ ఇవ్వాలంటే మీకు తెరిచే ఉద్దేశం ఉండకూడదు.

ఆరో మెట్టు: కొత్త సెట్ అయితే ప్యాకులా, పూర్తి సెట్టా?

ఇక్కడే ఎక్కువ డబ్బు పోతుంది. ఒక విడతలో 330 కార్డులున్నాయనుకోండి. ప్యాకులు కొని, ఎవరితోనూ మార్చుకోకుండా పూర్తి చేయాలంటే ఎన్ని కార్డులు కొనాలి? పూర్తిగా యాదృచ్ఛికంగా వస్తే సగటున సుమారు 2,100. మొదటి 297 కార్డులు దాదాపు 755తో వచ్చేస్తాయి. చివరి 33 కార్డుల కోసం మరో 1,350 కొనాలి. ప్యాకుల బాక్సులో కార్డులను కొంత క్రమంలో పేరుస్తారు కాబట్టి నిజంలో ఇంకాస్త నయంగానే ఉంటుంది, కానీ చివరి కార్డులు అసాధ్యంగా తోచడానికి కారణం ఇదే. సెట్ కావాలంటే ముందే కట్టేసిన పూర్తి సెట్‌నే కొనండి. ప్యాకు చించే సరదా కావాలంటే రెండు మూడు ప్యాకులు విడిగా కొనుక్కోండి.

టాప్స్ హెరిటేజ్ లాంటి సెట్‌లలో ఇంకో చిక్కు ఉంది. ఇది పాత సంవత్సరపు నమూనాలో ఇప్పటి ఆటగాళ్లను ముద్రించే సెట్. 2001లో 1952 నమూనాతో మొదలైంది, 2024లో 1975 నమూనా వచ్చింది. చాలా సంవత్సరాల్లో ప్రధానమైన 500 కార్డుల్లో 401 నుంచి 500 వరకు షార్ట్ ప్రింట్లు, అంటే తక్కువగా ముద్రించినవి. 400 కార్డుల సెట్‌కూ 500 కార్డుల సెట్‌కూ మధ్య ధర తేడా ఆ నూటిదే. పాత నమూనాలంటే ప్రాణం పెట్టేవాళ్లు ఆ తేడా ఇవ్వవచ్చు, మిగిలినవాళ్లకు 400 చాలు.

కార్డు మీద 25/50 లాంటి సంఖ్య ఉంటే ఆ రకం మొత్తం యాభయ్యే అని అర్థం. ఇది నిజమే. అయితే అదే ఆటగాడి అదే ఫొటో ఎరుపు, నీలం, బంగారం, నారింజ అంటూ పదిహేను ఇరవై రంగుల్లో వస్తుంటే ఆ యాభైకి ఎంత విలువ ఉంటుందో ఆలోచించండి. ఇలాంటి పలుచబడిన అరుదుతనానికి నేనైతే ఎక్కువ ఇవ్వను.

వందల డాలర్ల బాక్సులన్నీ నడిచేది ఆశ మీద. పిచర్ పాల్ స్కీన్స్ పెద్ద లీగ్‌లో ఆడిన మొదటి ఆటలో వేసుకున్న జెర్సీ మీది ప్యాచ్ (గుడ్డ గుర్తు) అతికించిన ఏకైక కార్డు లాస్ ఏంజిలెస్ ప్రాంతంలోని 11 ఏళ్ల బాలుడికి ప్యాకులో దొరికింది. 2025 మార్చిలో అది 11.1 లక్షల డాలర్లకు అమ్ముడుపోయింది. ఆ కార్డు ఒక్కటే ఉంది, అదీ దొరికిపోయింది. ప్యాకు మీద చిన్న అక్షరాల్లో ఏ రకం కార్డు ఎన్ని ప్యాకులకు ఒకటి వస్తుందో రాసి ఉంటుంది. డబ్బు ఇచ్చే ముందు ఆ వరుసలు చదవండి.

జట్ల పేర్లు, గుర్తులు ఉన్నాయా లేదా కూడా చూడండి. 2010 నుంచి పెద్ద లీగ్ గుర్తుల హక్కు టాప్స్‌కు ప్రత్యేకంగా ఉంది. పానీనీ అనే పోటీ కంపెనీ కార్డుల్లో ఆటగాడు ఉంటాడు గానీ టోపీ మీద జట్టు గుర్తు ఉండదు. కాగితం ఎంత బాగున్నా వాటికి గిరాకీ తక్కువ.

ఏడో మెట్టు: తిరిగి అమ్మితే చేతికి ఎంత వస్తుంది?

సెట్ ధర 300 డాలర్లు. అమ్మకపు పన్ను 8 శాతం అనుకుంటే 324 అవుతుంది. ఈబేలో అమ్మితే సుమారు 13 శాతం రుసుము, తపాలాకు 15 డాలర్లు. మీ 324 మీకు రావాలంటే దాదాపు 390కి అమ్ముడుపోవాలి. అంటే ధర 30 శాతం పెరిగితేనే మీరు బయలుదేరిన చోటికి చేరుకుంటారు. ఆపైన లాభం వస్తే అమెరికా ఆదాయపు పన్ను చట్టం సేకరణ వస్తువులను షేర్లతో సమానంగా చూడదు. ఏడాదికి మించి ఉంచుకుని అమ్మినా పన్ను 28 శాతం దాకా ఉండవచ్చు. పెట్టుబడి అని చెప్పి ఎవరైనా ఖరీదైన సెట్ అంటగడుతుంటే ఈ లెక్క వాళ్ల ముందే వేయండి.

ఎనిమిదో మెట్టు: కొన్నాక వెంటనే సరిచూసుకోండి

సెట్ ఇంటికి రాగానే నంబర్ల వరుసలో లెక్కపెట్టండి. ముఖ్యమైన కార్డులను భూతద్దం కింద, అదే సెట్‌లోని ఒక చవక కార్డు పక్కన పెట్టి పోల్చండి. చవక కార్డుకు ఎవరూ నకలు చేయరు కాబట్టి అదే మీ కొలత. రంగు చుక్కల అమరిక, అట్ట మందం, వెనకవైపు రంగు రెండింటికీ ఒకేలా ఉండాలి. 1963 పీట్ రోజ్ రూకీ కార్డుకు నకళ్లు ఎప్పటి నుంచో తిరుగుతున్నాయి. 1952 సెట్‌ను 1983లో టాప్స్ స్వయంగా పునర్ముద్రించింది. దాని వెనక పునర్ముద్రణ అని రాసి ఉంటుంది, ఆ మాట చెరిపేసిన కార్డు మీ దగ్గరికి రాకుండా చూసుకోండి. టిఫనీ అని కొన్న సెట్‌లో నడుమ నడుమ మామూలు కార్డులు కలిపి ఉండవచ్చు. 792 కార్డులనూ వెనక్కి తిప్పి పేర్చి, పక్క నుంచి చూస్తే బూడిద రంగు అంచులు తెల్లవాటి మధ్య వెంటనే బయటపడతాయి.

సెట్‌ను విశాఖపట్నమో కాకినాడో తెచ్చుకుని దాచాలనుకుంటే గాలిలో తేమ గురించి ముందే ఏర్పాటు చేసుకోండి. లోహంలా మెరిసే పూత ఉన్న క్రోమ్ కార్డులు తేమకు విల్లులా వంగుతాయి. మూత బిగుతుగా ఉండే డబ్బా, అందులో సిలికా జెల్ సంచులు ఉంచి, వాటిని అప్పుడప్పుడు మార్చాలి.

ఏదైనా తేడా కనిపిస్తే ఫొటోలు తీసి అదే రోజు అమ్మినవారికి రాయండి. ఈబే కొనుగోలుదారు రక్షణ సరుకు అందిన నాటి నుంచి 30 రోజుల వరకే ఉంటుంది. కార్డుల ప్రదర్శనల్లో బల్ల దగ్గర నగదు ఇచ్చి కొంటే ఆ రక్షణ ఉండదు కాబట్టి, అక్కడ మాత్రం ఈ పరిశీలనంతా డబ్బు చేతులు మారకముందే, అమ్మేవారి ఎదుటే పూర్తి చేయండి.